1956 సీమాస్టర్ డయల్ మీద ‘టీ స్విస్ మేడ్ టీ’: కంపెనీదా, తిరిగి రంగేసిందా?

#1 ముల్లుకొన
ఒమేగా సీమాస్టర్ ఆటోమేటిక్ వాచీ, క్యాలిబర్ (మూవ్‌మెంట్ రకం, అంటే లోపలి యంత్రం మోడల్) 501. మూవ్‌మెంట్ సీరియల్ 15 మిలియన్ల వరుసలో ఉంది, అంటే 1956 ప్రాంతం. మూవ్‌మెంట్ మీద, కేసు (బయటి లోహపు గుల్ల) మీద అనుమానం లేదు. పేచీ అంతా డయల్ దగ్గరే.

వెండి రంగు డయల్. గంటల దగ్గర బాణం ములుకుల్లాంటివి విడిగా చేసి బిగించారు, ఒమేగా గుర్తు కూడా బిగించిందే. ‘ఆటోమేటిక్’, ‘సీమాస్టర్’ ముద్రించినవి. 6 కింద అంచున ‘టీ స్విస్ మేడ్ టీ’. ప్రతి ములుకు కొసన మీగడ రంగు చుక్క.

10 రెట్ల లూప్‌తో (కంటికి ఆనించి చూసే భూతద్దం) చూస్తే తేలినవి: 4 దగ్గర నిమిషాల గీత ములుకు కిందికి దూరింది, మిగతా చోట్ల వెంట్రుకవాసి ఎడం ఉంది. ములుకుల మొదళ్ళ చుట్టూ వార్నిష్ గట్టు కట్టినట్టుంది. 3 పక్కన డయల్ అంచుకి చిన్న గాటు ఉంది. యూవీ టార్చి వేస్తే చుక్కలు వెలుగుతున్నాయి, టార్చి తీశాక కూడా కాసేపు ఆరిపోవడం లేదు.

అమ్మేవారు ‘కంపెనీ డయలే, వయసుతో వచ్చిన వన్నె’ అంటున్నారు. మీరేమంటారు?

#2 గాజుపెట్టె
ముందు ఆ రెండు ‘టీ’ల సంగతి చూద్దాం. అవి ట్రిటియం (చీకట్లో వెలిగే పూతలో కలిపే కిరణ పదార్థం) గుర్తు. 1956లో స్విస్ వాచీల్లో చీకట్లో వెలగడానికి పూసింది రేడియం. ట్రిటియంకి మారింది 1960ల మొదట్లో. రోలెక్స్ అయితే 1963–64 ప్రాంతం. ‘టీ స్విస్ టీ’, ‘టీ స్విస్ మేడ్ టీ’, ‘స్విస్ టీ 25 లోపు’ లాంటి రాతలు ఆ మార్పు తర్వాతే వచ్చాయి. 25 అంటే మిల్లీక్యూరీలు, కిరణ పదార్థం కొలత. కాబట్టి మీ డయల్ మీద ఇప్పుడున్న రాత ఆ మూవ్‌మెంట్‌తో పుట్టింది కాదు.

#3 పళ్ళచక్రం
పుట్టలేదు సరే, అంతమాత్రాన నకిలీ అయిపోదు. సర్వీసుకి వచ్చిన వాచీకి రేడియం డయల్ తీసేసి కంపెనీయే ట్రిటియం డయల్ వేసిన సందర్భాలు ఎన్నో. దాన్ని సర్వీసు డయల్ అంటాం. అది కంపెనీ సరుకే, కాకపోతే తర్వాతి కాలానిది. ముల్లుకొన గారు తేల్చుకోవాల్సింది ఇది: కంపెనీ తర్వాత వేసిన డయలా, లేక పాత డయల్ మీదే ఎవరో కొత్తగా ముద్ర కొట్టి తర్వాతి కాలపు రాత రాశారా?

#4 నిమిషరేఖ
నా ఓటు రెండోదానికే. వార్నిష్ గట్టు అన్నారు చూశారా, అదే అసలు పాయింటు.

కంపెనీలో పని జరిగే వరుస ఇది. ఇత్తడి పలకకి వెనక కాళ్ళు అతుకుతారు. ములుకుల కోసం సన్న బెజ్జాలు వేస్తారు. పైన వెండి పూత, దానిమీద బ్రష్ గీతలు, ఆపైన పలుచటి వార్నిష్, తర్వాత ముద్ర. మామూలుగా ములుకులు బిగించేది చిట్టచివర. అప్పటికి వార్నిష్ ఆరిపోయి ఉంటుంది కనక ములుకు, డయల్ కలిసేచోట కత్తితో కోసినట్టు పదునైన గీత కనబడాలి.

తిరిగి రంగేసేవాళ్ళు ములుకులు పీకడానికి భయపడతారు. వాటి కాళ్ళు దారమంత సన్నం, విరిగితే మళ్ళీ రావు. అందుకని ఉన్నవాటిని ఉన్నట్టే ఉంచి పైనుంచి వార్నిష్ కొడతారు. తడి వార్నిష్ ములుకు గోడని పట్టుకుని పైకి పాకుతుంది, గ్లాసులో నీళ్ళు అంచున పైకి లేచినట్టు. ఆరాక అదే గట్టుగా మిగిలిపోతుంది. వెలుతురు పక్కనుంచి, డయల్‌కి దాదాపు సమాంతరంగా పడేలా పెట్టి చూడండి. ములుకు చుట్టూ మెరిసే ఉంగరం కనిపిస్తే సందేహం అక్కర్లేదు.

#5 లూప్10
బ్రష్ గీతలు కూడా చూడండి. అసలు డయల్‌లో మధ్య బెజ్జం నుంచి అంచు దాకా ములుకు కిందుగా తెగకుండా పోతాయి. ములుకులు తీయకుండా రుద్దిన డయల్‌లో ములుకు పక్కకి వచ్చేసరికి గీతలు మసకబారి ఆగిపోతాయి. బ్రష్ అక్కడికి చేరదు.

#6 కీగుండీ
3 పక్కన గాటు అంటే రంగేసిన డయలే. ఇంకా చర్చ ఎందుకు?

#7 పళ్ళచక్రం
గాటు ఒక్కదాన్ని చూసి తేల్చకండి, కీగుండీ గారూ. రంగేసేవాళ్ళు ముద్ర కొట్టేటప్పుడు డయల్ తిరిగిపోకుండా గుర్తుకోసం అంచున గాటు పెట్టే మాట నిజమే. కానీ డయల్ కేసులో ఒకే తీరుగా కూర్చోవడానికి కంపెనీయే గాడి పెట్టిన మోడళ్ళూ ఉన్నాయి. తేడా అంచుల్లో ఉంటుంది. కంపెనీ గాడి అచ్చుతో కొట్టింది, రెండు పక్కలా సమానంగా, మూలలు నున్నగా ఉంటుంది. ఆకురాయితో వేసిన గాటుకి లోపల ఏటవాలు గీతలు కనిపిస్తాయి, ఒక పక్క లోతు ఎక్కువ. గాటు వేశాకే వెండి పూత పూస్తారు కాబట్టి లోపల పచ్చి ఇత్తడి కనపడకపోయినా ఆ గీతలు మాత్రం దాగవు.

#8 కీగుండీ
ఆకురాయి గీతలు చూడాలన్నది నాకు తట్టలేదు. మాట వెనక్కి తీసుకుంటున్నా.

#9 చీకటిచుక్క
చుక్కల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అసలు విషయం అక్కడుంది.

వాడుకలో చీకట్లో మెరిసే ప్రతిదాన్నీ ‘రేడియం’ అనేస్తాం కదా, ఇక్కడ ఆ మాట జాగ్రత్తగా వాడాలి. నాలుగు వేరువేరు పదార్థాలు ఉన్నాయి. రేడియం-226: సగం తగ్గడానికి 1600 ఏళ్ళు. ట్రిటియం: 12.3 ఏళ్ళు. ప్రొమేథియం-147: 2.6 ఏళ్ళు. నాలుగోది 1993లో వచ్చిన లూమినోవా, అంటే స్ట్రాన్షియం అల్యూమినేట్. దీనిలో కిరణ ప్రసారం లేదు, వెలుతురు తాగి వెలుగుతుంది.

రేడియం చుక్క ఈరోజు చీకట్లో వెలగదు. రేడియం అయిపోయి కాదు, దానితో కలిపిన జింక్ సల్ఫైడ్ కిరణాల దెబ్బకి ఏనాడో చచ్చిపోయి. ట్రిటియం చుక్క యూవీలో కొంచెం మెరిసినా, టార్చి తీసిన ఒకటి రెండు సెకన్లలో ఆరిపోతుంది. కాసేపు వెలుగుతోందంటే చుక్కలు రేడియమూ కాదు, ఆ ‘టీ’లు చెప్పే ట్రిటియమూ కాదు. లూమినోవానే. అంటే 1993 తర్వాత పూసినవి.

#10 గాజుపెట్టె
దాదాపు ఒప్పుకుంటా, ఒక్క సవరణ. కిరణ పదార్థమేదీ కలపని ఉత్త జింక్ సల్ఫైడ్ కూడా టార్చి తీశాక కొన్ని నిమిషాలు వెలుగుతుంది. పాతరోజుల్లో మరమ్మతుకి దాన్నీ వాడారు. ‘కాసేపు’ అన్నదాన్ని బట్టి 1993 అని చెప్పడం తొందరపాటు. కొలిచి చూడాలి:

పూర్తి చీకటి గదిలో 10 నిమిషాలు కూర్చోండి, కళ్ళు అలవాటు పడాలి. యూవీ టార్చి 365 నానోమీటర్లదైతే మంచిది, ఊదా వెలుగు తక్కువ కలుస్తుంది. కళ్ళు మూసుకుని 1 నిమిషం డయల్ మీద వేసి ఆర్పండి. అప్పుడు కళ్ళు తెరిచి లెక్కపెట్టండి. 2 సెకన్లలో పోతే పాత కిరణ పదార్థం. కొన్ని నిమిషాలకి పోతే జింక్ సల్ఫైడ్. గంట తర్వాత కూడా చుక్కలు లెక్కపెట్టగలిగితే స్ట్రాన్షియం అల్యూమినేట్.

#11 చీకటిచుక్క
సవరణ సరైనదే. దానికి తోడు గైగర్ (కిరణాలు తగిలితే టకటకమనే మీటరు) పెట్టండి. ట్రిటియం వదిలే బీటా కణాలు మరీ బలహీనం, గ్లాసు దాటి రావు, కాబట్టి మీటరు పలకదు. రేడియం అయితే గ్లాసు మీంచే టకటకలాడుతుంది. 1956 డయల్ పలకకపోతే ఒరిజినల్ చుక్కలు పోయినట్టే.

ఒక జాగ్రత్త: ముళ్ళ మీద కూడా రేడియం ఉండొచ్చు. రెండు ముళ్ళనీ 3 వైపు తిప్పి అక్కడోసారి, 9 దగ్గరోసారి చూడండి. ముళ్ళు ఊడదీసి విడిగా చూస్తే ఇంకా నయం. ముళ్ళ పూత రంగూ, డయల్ చుక్కల రంగూ కలిశాయా లేదా అన్నదీ రాయండి. రెండూ ఒకే కాలానివైనా లోహం మీద పూత, వార్నిష్ మీద పూత ఒకేలా ముదరవు, కొద్ది తేడా సహజం. ఒకటి గోధుమ రంగు, ఇంకొకటి మీగడ రంగు అయితే మాత్రం రెండింట్లో ఒకటి మారింది.

#12 మూడుకళ్ళు
దారి మళ్ళిస్తున్నందుకు ఏమీ అనుకోకండి. క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీ) డయల్ అయితే ఈ లెక్కలే చాలా? నా దగ్గరున్నదానికి బిగించిన ములుకులు లేవు, అంతా ముద్రే. కాబట్టి వార్నిష్ గట్టు పరీక్ష పనికిరాదు.

#13 నిమిషరేఖ
క్రోనోగ్రాఫ్‌ని పట్టుకోవడమే తేలిక, ఎందుకంటే దానిమీద ఉన్నదంతా లెక్క. టాకీమీటర్ (కిలోమీటరు దాటిన సెకన్లని బట్టి వేగం చెప్పే స్కేలు) అంకె = 3600 ÷ సెకన్లు. 240 సరిగ్గా 15 సెకన్ల గీతకి ఎదురుగా ఉండాలి, 180 ఇరవైకి, 120 ముప్ఫైకి, 100 ముప్ఫైఆరుకి, 90 నలభైకి, 80 నలభైఐదుకి. పాత డయల్ ఫోటో మీంచి చేత్తో గీసి అచ్చు తీసేవాళ్ళు 240, 120, 60 సరిగ్గా పెడతారు, ఎందుకంటే అవి గంటల మీద పడతాయి. 100 దగ్గర, 180, 150 మధ్య (150 అంటే 24 సెకన్లు) తప్పుతారు. ముందు అక్కడ కొలవండి. నాడి స్కేలు (నిమిషానికి నాడి ఎంతో చెప్పేది) 30 కొట్టుకోవడాల లెక్కదైతే 60 ముప్ఫై సెకన్ల దగ్గర, 90 ఇరవై దగ్గర, 120 పదిహేను దగ్గర. టెలిమీటర్ (మెరుపు కనిపించాక ఉరుము వినిపించే సెకన్లని బట్టి దూరం చెప్పేది) కిలోమీటర్లదైతే సుమారు 3 సెకన్లకి 1, కనుక 5 అనేది 15 సెకన్ల గీతకి ఆనుకుని ఉండాలి.

చిన్న వలయాలు (సబ్‌డయళ్ళు) చూడండి. వాటి అడుగున గ్రామఫోన్ రికార్డులా సన్న గుండ్రటి గాళ్ళు ఉంటాయి. డయల్ రుద్దితే అవి అరిగి, తర్వాత రంగులో మునిగిపోతాయి. 30 నిమిషాల వలయంలో 3, 6, 9 నిమిషాల గీతలు పొడుగ్గా ఉండే డయళ్ళు చాలా ఉన్నాయి, టెలిఫోన్ కాల్ లెక్కకి. మీ మోడల్‌కి అవి ఉండాల్సి ఉండి, మీదాంట్లో అన్నీ ఒకే పొడవైతే అనుమానించండి.

#14 లూప్10
సెకన్ల గీతల్ని కూడా. మూవ్‌మెంట్ గంటకి 18,000 కొట్టుకుంటే సెకనుకి 5, కనుక పాత క్రోనోగ్రాఫ్‌లో సెకనుని 5 భాగాలు చేసి ఉంటారు, చుట్టూ 300. తిరిగి ముద్రించేటప్పుడు అంత సన్నవి రాక సగానికి తెగ్గొడతారు.

#15 పళ్ళచక్రం
నిజమే, కానీ తిరగేసి వాడకండి. స్పీడ్‌మాస్టర్‌లో 1968లో క్యాలిబర్ 861 వచ్చాక మూవ్‌మెంట్ 21,600 అయింది, డయల్ మాత్రం 5 భాగాలతోనే సాగింది. 2021లో 3861తో గానీ 3 భాగాలకి మారలేదు. మూవ్‌మెంట్‌కి గీతలు పొసగలేదని ఆ డయళ్ళని తప్పుపడితే నాలుక కరుచుకోవాలి.

#16 నల్లడయల్
నల్ల డయల్ వాళ్ళకి కూడా ఒక మాట. 1960ల మధ్య వరకూ రోలెక్స్ లాంటివాటిలో బంగారు రంగు అక్షరాలు చాలావరకు ముద్రించినవి కావు. ఇత్తడి పలక మీద అక్షరాల మేర మూసిపెట్టి, మిగతాదానికి విద్యుత్తుతో నల్ల పూత ఎక్కించి, ఆ మూత కడిగేస్తే అడుగునున్న ఇత్తడే అక్షరంగా బయటపడుతుంది. పైన వార్నిష్. కాబట్టి పక్క వెలుతురులో ఆ అక్షరానికి నీడ పడకూడదు, అది నలుపు కంటే లోపలే ఉంటుంది. బంగారు సిరాతో కొత్తగా ముద్రించింది ఉబ్బెత్తుగా ఉండి సన్నటి నీడ వేస్తుంది. అయితే ఎంత నీటి లోతుకి తట్టుకుంటుందో చెప్పే పంక్తిని అదే డయల్ మీద వెండి రంగులో పైనుంచి ముద్రించడం కంపెనీ చేసిన పనే, అది ఉబ్బెత్తుగా ఉంటే కంగారు పడొద్దు.

నలుపు గోధుమ రంగుకి తిరిగిన డయల్‌ని ట్రాపికల్ అని ఎక్కువకి అమ్ముతున్నారు కనక పొయ్యిలో పెట్టి కాల్చేవాళ్ళూ తయారయ్యారు. ఎండకి తిరిగిన డయల్ ఒకేలా తిరగదు. గ్లాసు అంచు నీడ పడే చుట్టుకొలత ముదురుగా మిగులుతుంది, వలయాలది ఒక రంగు, మిగతా డయల్‌ది ఒక రంగు. కాల్చినదాంట్లో అంచు దాకా ఒకటే గోధుమ, చుక్కలు మాడిన రంగు, వార్నిష్‌లో బుడగలు.

#17 కీగుండీ
కాగితాలు ఉంటే ఈ శ్రమంతా తప్పదా? కంపెనీ ఆర్కైవు నుంచి పత్రం తెప్పిస్తే?

#18 గాజుపెట్టె
పత్రం మూవ్‌మెంట్ నంబరుని పట్టుకుని వస్తుంది, మీ చేతిలో ఉన్న డయల్‌ని చూసి రాదు. వెండి డయల్ అని పుస్తకంలో ఉందనుకోండి, రంగేసిన వెండి డయల్‌కీ ఆ వాక్యం సరిపోతుంది. పత్రమే దారి తప్పించిన సందర్భమూ ఉంది. 1957 నాటి స్పీడ్‌మాస్టర్ అని 2021 నవంబరులో జెనీవా వేలంలో సుమారు 31 లక్షల స్విస్ ఫ్రాంకులకి పోయిన వాచీ, అక్కడివీ ఇక్కడివీ భాగాలు కలిపి కట్టిందని 2023లో ఒమేగాయే చెప్పింది. పత్రం దొరికితే తెప్పించండి, లూప్ మాత్రం పక్కన పెట్టకండి.

#19 ముల్లుకొన
చెప్పినవన్నీ చేసి చూశాను. ఒక్కొక్కటిగా:

చీకటి పరీక్ష: టార్చి ఆర్పిన గంటకి కూడా 12 చుక్కలూ లెక్కపెట్టగలిగాను. ముళ్ళ మీద పూత మాత్రం అసలు వెలగలేదు. అది ముదురు గోధుమ రంగు, నిమిషాల ముల్లులో అడ్డంగా పగులు ఉంది.

గైగర్: ముళ్ళు 3 వైపు పెడితే అక్కడ గట్టిగా పలికింది, 9 దగ్గర చాలా తక్కువ, అయినా గదిలో మామూలుగా ఉండేదానికంటే కాస్త ఎక్కువే.

డయల్ ఊడదీసి చూస్తే: వెనక కాళ్ళు రెండూ మొదటివే, అతుకు చుట్టూ వేడి మరక లేదు. సూదితో గీకిన అంకె ఒకటి ఉంది. 4, 7 ములుకుల కాళ్ళ దగ్గర పారదర్శకమైన జిగురు. గాటు లోపల ఏటవాలు గీతలున్నాయి.

ముందు పక్క: మిగతా 10 ములుకుల చుట్టూ నిమిషరేఖ గారు చెప్పిన ఉంగరం ఉంది. పక్క వెలుతురులో ‘సీమాస్టర్’ చివరి అక్షరం తోక కింద, ఇప్పటి తోకకి సమాంతరంగా ఇంకో తోక నీడలా కనిపిస్తోంది, సిరా లేదు, పల్లంలా ఉంది. ‘స్విస్ మేడ్’కి ఎడమ ‘టీ’ దూరం, కుడి ‘టీ’ దూరం ఒకటి కాదు.

#20 నిమిషరేఖ
ఆ రెండో తోకతో తేలిపోయింది. అది పాత ముద్ర ఆనవాలు. ముద్ర ఉన్నచోట సిరా అడుగున వార్నిష్, వెండి వేరేగా ముదురుతాయి. రుద్దేవాళ్ళు పైపైన రుద్దారు, పల్లం మిగిలింది. కొత్త అచ్చు దానిమీద సరిగ్గా కూర్చోలేదు. సర్వీసు డయల్ అయితే కింద ఇంకో రాత ఉండే అవకాశమే లేదు. 4, 7 ములుకులు ఊడివచ్చి జిగురుతో మళ్ళీ నిలబెట్టారు, అందుకే 4 దగ్గర నిమిషాల గీత కిందికి దూరింది.

కాళ్ళు మొదటివే, వేడి మరక లేదన్నారు కాబట్టి పలక ఈ క్యాలిబర్‌కి చేసిందే, వేరేదాన్నుంచి తెచ్చి కాళ్ళు మార్చింది కాదు. ఒమేగా పలక, దాని మీద బయటి ముద్ర. ‘టీ’లు తర్వాతి కాలపు డయల్ చూసి తీసిన అచ్చులోంచి వచ్చాయి.

#21 చీకటిచుక్క
9 దగ్గర కొద్దిగా పలకడానికి కారణం కూడా అదే కావచ్చు. పాత రేడియం చుక్కలు గీకేసినా కొంత డయల్‌లో మిగిలిపోతుంది. డయల్ మొదట రేడియందే అనడానికి అది ఇంకో ఆధారం. ముళ్ళూ అప్పటివే అనిపిస్తోంది.

#22 పళ్ళచక్రం
సర్వీసు డయల్ కావచ్చన్న నా మాట ఇక్కడ నిలవలేదు. అమ్మేవారికి #19 ఫోటోలతో సహా పంపించండి. వాచీ తీసుకుంటే మాత్రం ‘తిరిగి రంగేసిన డయల్, చుక్కలు 1993 తర్వాతివి, ముళ్ళు రేడియంవి’ అని పెట్టెలో చీటీ రాసి ఉంచండి. రేపు మీ దగ్గర కొనేవాళ్ళు మళ్ళీ మొదటినుంచీ వెతుక్కోనక్కర్లేదు.

#23 ముల్లుకొన
ఫోటోలు పంపాను. రంగేసిన ధరకి ఇస్తే ఉంచుకుంటా. ఆ ‘టీ’లు రెండూ తుడిపించి 1956లో ఉండాల్సిన రాత వేయిస్తే మంచిదా? ముళ్ళ పగులుకి ఏం చేయాలి?

#24 నిమిషరేఖ
తుడిపించకండి. ఇంకోసారి రుద్దితే ములుకుల కాళ్ళు ఇంకొన్ని ఊడతాయి, ఆ పాత తోక ఆనవాలు కూడా పోతుంది. ఆ డయల్ కథ చెప్పేది అదొక్కటే. ఆ కాలపు అసలు డయల్ దొరికితే మార్చి, దీన్ని పెట్టెలో దాచండి. ఈ క్యాలిబర్‌కి కాళ్ళ స్థానాలు సరిపోయాయో లేదో కొనేముందే వెనక ఫోటో అడగండి.

#25 చీకటిచుక్క
ముళ్ళ పూతని గీకొద్దు, సూదితో పొడవొద్దు. రాలిన పొడి ఊపిరిలోకి, నోట్లోకి పోవడమే అసలు ప్రమాదం. ఇప్పటికే ఊడదీశారు కాబట్టి ఆ బల్లని తడి కాగితంతో తుడిచి, కాగితాన్ని మూసిన సంచిలో పెట్టండి. ఊదడం, పొడి బ్రష్షు వాడడం వద్దు. చేతులు కడుక్కోండి. పగులు ఇంకా పెరగకుండా వెనకనుంచి బలపరచాలంటే రేడియం పని తెలిసిన, గాలి లాగే పెట్టె ఉన్న రిపేరరు చేతికే ఇవ్వండి. అప్పటిదాకా నిమిషాల ముల్లుని తీసి మూతున్న చిన్న డబ్బాలో, మీద ‘రేడియం’ అని రాసి, గాలి ఆడే అరలో ఉంచండి. రేడియం నుంచి రేడాన్ వస్తూనే ఉంటుంది కనక మూసిన బీరువా వద్దు.